తప్పు చెబితే పలికే మనిషి

చర్చిలో మగవాళ్ల వైపు నుంచి మా ఆయన గొంతు వినిపించింది. ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చున్న నేను పాట ఆపేసి తల తిప్పి చూశాను. ఒక్క మాట తప్పు పోవడం లేదు. చరణం తర్వాత చరణం అందుకుంటున్నాడు, పల్లవి దగ్గర గొంతు లేపి మరీ పాడుతున్నాడు. అదే మనిషి ఆ పొద్దున మంచినీళ్లు అడగలేక వసారా వైపు చెయ్యి ఊపాడు. నాకు అర్థం కాక తువ్వాలు తెచ్చి ఇస్తే దాన్ని తీసి నేలకు కొట్టాడు.

మాట పడిపోయిన మనిషికి పాట ఎక్కడి నుంచి వచ్చింది? అందరికీ దేవుడి మహిమ తట్టిందేమో, నాకు మాత్రం ఈయన నటిస్తున్నాడేమో అని తట్టింది. నేను అలాంటి దాన్నే. సంతలో వంకాయ కొన్నా పుచ్చు లేదని వేలితో నొక్కి చూసుకుంటేగాని సంచిలో వేయను.

పక్కన కూర్చున్న మా వదిన, అంటే మా ఆయన అక్క, మోచేత్తో నా డొక్కలో పొడిచింది.

"విన్నావా? నా తమ్ముడికి మాటేం పోలేదు. నీతో మాట్లాడ్డమే ఇష్టంలేక ఊరుకున్నాడు."

"అట్టాగైతే మీతోనన్నా మాట్లాడాలి కదా వదినా," అన్నాను.

ఆమె మళ్లీ పాటలో కలిసిపోయింది.

మాది రేపల్లె. మా ఆయన ఆ ఊరికి బస్సు దూరంలో ఉన్న చిన్న పల్లెలో ఎలిమెంటరీ బడి మాస్టారు. ఐదో తరగతికి లెక్కలు చెప్పేవాడు. నేను కూలికి పోయే ఇంటి పిల్లను. రెండో తరగతిలో బడి మానేశాను. అక్షరం అక్షరం కూడబలుక్కుని బస్సు బోర్డు చదివేలోగా బస్సు వెళ్లిపోయేది. నాట్లలో, కోతల్లో ఈ గట్టు మీద నుంచి ఆ గట్టుకు కేకలు వేసి నా గొంతు చిన్నప్పుడే బొంగురుపోయింది. పెళ్లిచూపులకు వచ్చిననాడు మా ఆయన నా గొంతు విని, "ఈ గొంతు బడికి బాగా పనికొస్తుంది" అన్నాడట. మాకు పిల్లలు కలగలేదు. ఆయనకు బడే లోకం, నాకు ఆయనే లోకం.

ఎనభైల చివర్లో ఒక ఎండాకాలం, బడికి సెలవులు ఇచ్చే ముందు, పిల్లలకు బొమ్మల పటాలు కొనాలని తెనాలి బయలుదేరాడు. ఊరికే ఇంట్లో ఎందుకని నేనూ వెంట వెళ్లాను. పటాలు కొనుక్కుని తిరిగి రేపల్లె బండి ఎక్కబోతూ తెనాలి స్టేషన్లో కూలబడ్డాడు. మూతి ఒక పక్కకు పోయింది. కుడి చెయ్యి, కుడి కాలు కొయ్యబారాయి. జనం ఎత్తి రిక్షాలో వేశారు. చంకలో పెట్టుకున్న పటాల చుట్టను మాత్రం ఎడమ చేత్తో గట్టిగా పట్టుకుని వదల్లేదు.

తెనాలి ఆసుపత్రిలో డాక్టరు పక్షవాతం అన్నాడు. కొంత తేరుకున్నాక నన్ను పక్కకు పిలిచాడు.

"కాలూ చెయ్యీ చాలావరకు వస్తాయమ్మా. మాట సంగతి చెప్పలేం. మాట్లాడిస్తూ ఉండండి."

"ఎట్టా మాట్లాడించాలండి?"

"మాట్లాడించడమేనమ్మా," అని ఆయన పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయాడు.

ఎలాగో ఆయనకూ తెలియదని నాకు అప్పుడే అనుమానం వచ్చింది. మా ఆయన నోట మిగిలింది ఒకటే మాట, 'అదే'. మంచినీళ్లు అదే, దుప్పటి అదే, నేనూ అదే. ఒక్కోసారి కోపంగా, ఒక్కోసారి బతిమాలుతున్నట్టు అదే మాటను అటూ ఇటూ తిప్పేవాడు. ఎదుటివాళ్ల మాట మాత్రం ఆయనకు బాగానే అర్థమవుతోంది. ఎవరైనా "పాపం, మతి పోయింది" అంటే కళ్లెర్రజేసి చూసేవాడు.

ఆసుపత్రి నుంచి నేరుగా బాపట్ల తీసుకెళ్లాం. వదిన భర్త అక్కడ వ్యవసాయ కాలేజీలో గుమాస్తా. కాలేజీ దగ్గరే పెంకుటిల్లు, సాయంత్రం సముద్రపు గాలి వచ్చే వసారా ఉండేవి. వదిన తమ్ముడి కోసం పావురాలు తెప్పించి పులుసు పెట్టింది. పక్షవాతానికి పావురం మాంసాన్ని మించిన మందు లేదని ఆమె నమ్మకం. పావురాలు అయిపోయాయి గాని మాట రాలేదు. అలాంటప్పుడే ఆ ఆదివారం చర్చిలో పాట వచ్చింది.

బాపట్లలో పాడిన పాట రైలెక్కకుండానే రేపల్లె చేరింది. వారం తిరక్కుండా ఆయనతో పనిచేసే ఇంకో మాస్టారు చూడ్డానికి వచ్చాడు. చేతిలో బత్తాయిలు ఉన్నాయి, ముఖంలో ఇంకేదో ఉంది. మా ఆయన కునుకు తీస్తుంటే చూసి, నాతో వసారాలోకి వచ్చాడు.

"అక్కా, హెడ్‌మాస్టారు ఒక మాట చెప్పి రమ్మన్నారు. చర్చిలో అంత చక్కగా పాడే మనిషి బళ్లో పాఠం ఎందుకు చెప్పలేడు, సెలవు కోసం ఎత్తిన వేషం ఇది అంటున్నారు."

"మీరేమంటారు తమ్ముడూ?"

"నేనేమంటానక్కా." బత్తాయిల సంచిని ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు. "బడి తెరిచాక ఆఫీసరుగారు వస్తారంట. ఆయన ముందు పాఠం చెప్పి చూపించాలి. చెప్పలేకపోతే పనికిరాడని రాసేస్తారు. చెప్పగలిగితే సెలవులకు ముందు అన్నాళ్లు ఎందుకు రాలేదని అడుగుతారేమో."

ఇంతకంటే మంచి ఉచ్చు చేపల కోసం కూడా ఎవరూ అల్లరు. పనికిరాడని రాసి ఇంట్లో కూర్చోబెడితే మా ఆయన బతకడని నాకు తెలుసు. తినడానికి లేక పోడు. పొద్దున్నే సున్నపు బలపం జేబులో వేసుకుని వెళ్లడానికి ఒక చోటు లేక పోతాడు.

అయితే హెడ్‌మాస్టరుకు వచ్చిన అనుమానమే నాకూ ఉంది. దాన్ని ముందు తేల్చుకోవాలి. మర్నాడు కాఫీలో పంచదారకు బదులు ఉప్పు వేశాను. గ్లాసు చేతికిచ్చి స్తంభం పక్కన నిలబడ్డాను. ఆయన ఒక గుక్క తాగాడు. కాఫీ అంతా ముక్కులోంచి, నోట్లోంచి బయటికొచ్చింది. దాని వెంటే, "నీ అమ్మ కడుపు మాడ" అన్నాడు.

నత్తి లేదు, తడబాటు లేదు. పెళ్లయినప్పటి నుంచి ఆయన నోట ఒక్క తిట్టు వినలేదు నేను. బళ్లో పిల్లల్ని కూడా 'గాడిదా' అన్నదాన్ని మించి అనేవాడు కాదు. ఆదివారం బైబిలు చదివే మనిషి.

"ఓహో," అన్నాను నేను. "పాటలు వస్తాయి, తిట్లు వస్తాయి. 'ఉప్పెందుకు వేశావే' అన్న మాట మాత్రం రాదు. అదీ అనండి చూద్దాం."

నోరు తెరిచాడు. పెదాలు కదిలాయి. "అదే... అదే..." అన్నాడు. మెడ నరాలు ఉబ్బాయి, నుదుట చెమట పట్టింది. నేను కళ్లార్పకుండా చూశాను. నటించే మనిషికి చెమట రాదు. అక్కడికి నా అనుమానం సగం తగ్గింది. మిగతా సగం అలాగే ఉంచుకున్నాను, ఎప్పుడు అవసరం వస్తుందో ఏమో అని.

ఆ తిట్టు వల్ల నాకంటే ఆయనకే ఎక్కువ తెలిసొచ్చింది. ఆ రోజంతా వసారాలో కూర్చుని వేళ్ల మీద ఏదో లెక్క వేసుకున్నాడు. సాయంత్రం నేను బయటికి వస్తుంటే చెయ్యి ఎత్తి ఆపాడు. ఎక్కం మొదలుపెట్టాడు. రెండో ఎక్కం, మొదటి నుంచి చివరి దాకా, చిన్నపిల్లలు చెప్పే రాగంలో చెప్పాడు. తర్వాత వారాలు, నెలలు చెప్పాడు. వరసలో పెట్టి వల్లించినవన్నీ లోపల చెక్కుచెదరలేదు. విడిగా ఒక్క మాట అడిగితేనే లేదు.

ఇక ఆ వరసల్నే పట్టుకున్నాడు. "వదినావాళ్లు చీరాల ఎప్పుడు వెళ్తున్నారంట?" అని అడిగితే, "ఆదివారం, సోమవారం, మంగళవారం, బుధవారం" అని వచ్చి అక్కడ ఆగేవాడు. అంటే బుధవారమన్నమాట. ఎన్ని ఇడ్లీలు కావాలంటే ఒకటి నుంచి మొదలుపెట్టి నాలుగు దగ్గర ఆగేవాడు. శనివారం సంగతైతే వారమంతా తిరిగి రావలసిందే. మా వదిన భర్త ఒకసారి నవ్వి, "బావా, నువ్వు నీ వయసు చెప్పేలోపు నాకు ఆఫీసు టైమయిపోద్ది" అన్నాడు. మా ఆయనా నవ్వాడు, ఒక పక్క మూతితో.

ఎక్కం వచ్చిన మర్నాటి నుంచే ఆ వసారా బడి అయింది. పిల్లలకు ఎలా పీరియడ్లు పెట్టేవాడో తనకూ అలాగే పెట్టుకున్నాడు. పొద్దున్నే బీరువా అద్దం ముందు నిలబడి నోరు ఎలా తిరుగుతోందో చూసుకుంటూ 'ప, బ, మ' అనేవాడు. తర్వాత ఎక్కాలు. ఆ తర్వాత పలక మీద ఎడమ చేత్తో రాత. భోజనమయ్యాక, ఎండ తగ్గేదాకా, తెనాలిలో కొన్న బొమ్మల పటాలు గోడకు వేలాడదీసి ఒక్కో బొమ్మ మీద కర్ర పెట్టి పేరు చెప్పడానికి తంటాలు పడేవాడు. చెప్పలేకపోతే ఎడమ చేత్తో తన చెవి తానే మెలిపెట్టుకునేవాడు. ఒకరోజు మరీ విసిగి గోడ కుర్చీ వేయబోయాడు, ఆ కాలుతో. నేను వెళ్లి పట్టుకున్నాను. "మాస్టారూ, ఇంటర్‌బెల్ అయింది, దిగండి," అన్నాను.

ఇంకో నియమం కూడా పెట్టాడు. అన్నం కంచం తెస్తే ముట్టుకోడు. కంచాన్ని నా వైపు తోసి, తన నోటి వైపు వేలు చూపించి, చెయ్యి అడ్డంగా ఊపుతాడు. పేరు చెప్పేదాకా ఇవ్వొద్దని. బళ్లోనూ అంతే, జవాబు పిల్లల నోట్లోంచి వచ్చేదాకా తను చెప్పేవాడు కాదు. నేను కంచం పట్టుకుని నిలబడాలి. ఆయన "అ... అ..." అంటూ కుస్తీ పట్టాలి. పప్పు చల్లారిపోయేది.

వదిన ఒకరోజు మధ్యాహ్నం నిద్రలేచి వచ్చి ఇది చూసింది. నేను కంచం ఎత్తి పట్టుకుని ఉన్నాను. ఆయన చెమటలు కక్కుతూ నోరు తెరుస్తున్నాడు.

"ఏమే, కుక్కకి చూపించినట్టు చూపిస్తున్నావేంటే నా తమ్ముడికి?"

"ఆయనే పెట్టమన్న నియమం వదినా."

"మాట రాని వాడు నీకు నియమం చెప్పాడా? ఎవరికి చెప్తావే ఈ కబుర్లు?"

కంచం లాక్కుంది. ముద్ద కలిపి తమ్ముడి నోటి దగ్గర పెట్టింది. ఆయన మూతి బిగించి తల తిప్పుకున్నాడు. కంచం తీసుకుని మళ్లీ నా చేతిలో పెట్టాడు.

"చూడు, ఎట్టా భయపెట్టి ఉంచావో," అని వదిన ఏడుస్తూ వీధిలోకి వెళ్లింది.

అప్పటి నుంచి మధ్యాహ్నం భోజనాల వేళకు వీధిలో ఆడవాళ్లకు మా ఇంట్లో ఏదో ఒక పని పడేది. ఒకావిడ పెరుగు తోడు కోసం, ఒకావిడ సూదీ దారం కోసం వచ్చి, నా చేతిలోని కంచం వైపు చూసేవాళ్లు. మొగుణ్ణి మాడ్చి చంపి ఉద్యోగం తను కొట్టేయాలని చూస్తోందనే మాట కూడా నా చెవిన పడింది. రెండో తరగతి చదివిన దానికి ఏ ఉద్యోగం ఇస్తారో వాళ్లనే అడగాలి.

ఇంతకీ ఆయన మంచం కింద ఊడుస్తుంటే నాకు అరటి తొక్కలు దొరికాయి. నా దగ్గర నియమం, అక్క దగ్గర అరటిపళ్లు. తొక్కలు తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను. ఆయన పలక తీసుకుని చాలా శ్రద్ధగా 'అ' దిద్దుకోవడం మొదలుపెట్టాడు.

ఇన్ని పాట్లు పడ్డా పేర్లు రాలేదు. వరసలు వచ్చాయి, పాటలు వచ్చాయి. కొత్త మాట ఒక్కటి పుట్టలేదు. సెలవులు కరిగిపోతున్నాయి. ఆఫీసరు ముందు రెండో ఎక్కం పాడి చూపిస్తే పాఠం అనుకుంటాడా? ఆయన పటాల ముందు నిలబడటం తగ్గించాడు. అద్దం మీద తువ్వాలు కప్పేశాడు. నాకు భయం వేసింది.

ఒక మధ్యాహ్నం కర్ర నేను తీసుకున్నాను. మాట్లాడిస్తూ ఉండమని కదా డాక్టరు చెప్పింది. పటం ముందు నిలబడి నేనే చెప్పుకుపోయాను. ఇది ఆవు, ఇది గుర్రం, ఇది ఏనుగు. ఆయన అలా చూస్తున్నాడు. చివరి వరసలో ఒక జంతువు ఉంది. మచ్చలు, తాటిచెట్టంత మెడ. నేను అలాంటి దాన్ని ఎన్నడూ చూడలేదు.

"ఇది పొడుగు ఒంటె," అన్నాను.

"కాదు," అన్నాడు వెనక నుంచి.

నేను వెనక్కి తిరిగాను.

"ఒంటె కాదు. జి... జిరాఫీ."

నా చేతిలో కర్ర కింద పడింది. ఆయన కూడా నోటి మీద చెయ్యి పెట్టుకుని నన్ను చూస్తున్నాడు.

ఆ తర్వాత నాలుగు రోజులు నేను కనిపెట్టి చూశాను. నేను ఒప్పు చెబితే తల ఊపుతాడు, మాట రాదు. తప్పు చెబితే మాత్రం లోపలున్న మాస్టారు ఆగలేడు. మంచం పట్టినా, మూతి వంకర పోయినా, తప్పు జవాబు చెవిన పడితే దిద్దకుండా ఉండటం ఆయన వల్ల కాదు. ఈ కిటుకు ఏ డాక్టరూ చెప్పలేదు. నేను ఎవరితోనూ అనలేదు, వదినతో అసలు అనలేదు. ఆమెకు చెబితే మొగుడికి అబద్ధాలు నూరిపోస్తున్నానని ఇంకో కబురు వీధికెక్కేది.

ఇక మొదలుపెట్టాను. అన్నం వండుతూ, చాటలో బియ్యం చెరుగుతూ, ఆయనకు వినపడేలా ఏదో ఒకటి అనేదాన్ని.

"ఏమండీ, తెనాలి సముద్రం ఒడ్డున ఉంటది కదండీ?"

"కాదు. బా... బాపట్ల."

"గేదె గుడ్డు పెట్టుద్ది."

"కాదు. కో... కోడి."

"ఆరు ఏడులు నలభై కదండీ?"

"నలభై... రెండు. నలభై రెండే."

మాటలు పుట్టాయి. ముందు ఒక్కొక్కటి, తర్వాత రెండేసి. ఆయన ముఖం తేటపడింది. అద్దం మీద తువ్వాలు తీశాడు. ఇడ్లీలు అడగడానికి ఒకటి నుంచి రావలసిన అవసరం సగం తగ్గింది.

నేను మాత్రం అత్యాశకు పోయాను. ఒకరోజు, "మేకపాలు ఎండబెడితే ఉప్పు వస్తదంట కదండీ, రామాపురం వైపు అట్టాగే చేస్తారంట," అన్నాను. పలక పక్కన పెట్టి నన్ను కిందికీ పైకీ చూశాడు.

"నువ్వు... కావాలని."

"ఏంటండీ కావాలని? నాకేం తెలుసు, రెండో తరగతి దాన్ని."

"నిజంగా... తెలీదా?"

"తెలీదండి."

నమ్మలేదు. ఇప్పుడు అనుమానం ఆయన వంతు అయింది. నాకు ఏది తెలుసో ఏది తెలియదో తేల్చుకోవాలని మర్నాడు నన్ను ఎదురుగా కూర్చోబెట్టి పరీక్ష పెట్టాడు. నిజంగానే నాకు చాలా తెలియవు. దానితో ఆయనకు ఇంకో పీరియడ్ దొరికింది. గుణింతం దగ్గర నుంచి నన్ను పట్టుకున్నాడు. ఎడమ చేత్తో అక్షరం రాసేవాడు, నేను చదవాలి. నేను తప్పు చదివితే దిద్దుతూ తను మాట్లాడేవాడు. ఎవరు ఎవరికి చదువు చెబుతున్నారో చూసేవాళ్లకు తెలిసేది కాదు. ఈ వయసులో పేపర్లో పెద్ద అక్షరాలు చదువుతున్నానంటే ఆ వసారాలో పడిన మొట్టికాయల వల్లే. ఆయన మాత్రం నేను ప్రతి తప్పూ చెప్పగానే ఒక క్షణం ఆగి, ఇది అసలు తప్పా నకిలీ తప్పా అని నా కళ్లలోకి చూసేవాడు.

బడి తెరిచారు. రేపల్లె వచ్చేశాం. పరీక్షనాడు బస్సులో ఆ పల్లెకు వెళ్లాం. హెడ్‌మాస్టరు గేటు దగ్గరే ఉన్నాడు. మా ఆయనకు కుర్చీ వేయించాడు. నా వైపు తిరిగి, "అమ్మా, మీరు బయట ఉండండి. లోపల ఉంటే మీరు మాట అందించారని ఆఫీసరుగారు అనుకుంటారు," అన్నాడు.

అనుకునేది ఆఫీసరో ఈయనో నాకు తెలుసు. నేను వెళ్లి కిటికీ పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాను. అంతకంటే దూరం వెళ్లమని ఆయన చెప్పలేదు.

ఆఫీసరు కొత్తగా వచ్చిన మనిషి. నడివయసు, కళ్లద్దాలు. ఐదో తరగతిలో వెనక బెంచీ మీద కూర్చున్నాడు. మా ఆయన లేచి బోర్డు మీద ఎడమ చేత్తో లెక్క రాశాడు. డజను కోడిగుడ్లలో మూడో వంతు పగిలిపోతే మిగిలినవి ఎన్ని అని. కర్రతో లెక్క చూపించి పిల్లల వైపు చూశాడు.

"ఎనిమిది సార్," అన్నారు పిల్లలంతా ఒక్క గొంతుతో.

ఆఫీసరు వస్తాడని హెడ్‌మాస్టరు వారం నుంచి ఆ పిల్లల్ని సానబట్టాడు. ఒక్కడూ తప్పు చెప్పడు. మా ఆయన తల ఊపి, బోర్డు మీద ఎనిమిది వేశాడు. ఇంకో ప్రశ్న రాశాడు. అదీ ఒప్పే. ఇంకోటి. అదీ ఒప్పే. గదిలో పిల్లల గొంతులే వినపడుతున్నాయి, మాస్టారు గొంతు లేదు. ఆయన పెదాలు కదులుతున్నాయి, నుదురు తడుస్తోంది. కిటికీలోంచి ఏదో ఒక తప్పు కూత కూయాలని నాలుక చివరిదాకా వచ్చింది. కూస్తే, మొగుడూ పెళ్లాం కలిసి ఆడిన నాటకమని తేల్చేస్తారు. పమిట కొంగు నోట్లో కుక్కుకున్నాను.

హెడ్‌మాస్టరు ఆఫీసరు దగ్గరికి వంగాడు. "చూశారు కదండి. పాటలైతే పాడతాడండి," అన్నాడు, మెల్లగా అన్నట్టే అని అందరికీ వినపడేలా.

ఆఫీసరు లేచాడు. వెళ్లిపోతున్నాడనుకున్నాను. బోర్డు దగ్గర ఆగి కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"ఇదేంటి మాస్టారూ, ఎనిమిది వేశారు? మూడో వంతు అంటే మూడు. పన్నెండులో మూడు పోతే తొమ్మిది కదా?"

హెడ్‌మాస్టరు ముందు తేరుకున్నాడు. "తొమ్మిదేనండి," అన్నాడు. పిల్లలు హెడ్‌మాస్టరు ముఖం చూశారు. "తొమ్మిది సార్," అన్నారు అందరూ, ఇందాకటి గొంతుతోనే.

మా ఆయన ఆఫీసరును చూశాడు. ఆయన సర్వీసులో ఏ ఆఫీసరు ముందూ చేతులు కట్టుకోకుండా నిలబడి ఎరగడు. బడికి ఎవరైనా పెద్దవాళ్లు వచ్చి ఏది అన్నా 'అవునండి' తప్ప ఇంకో మాట తెలియదు. ఆ అవునండి ఇప్పుడు కూడా ఆయన గొంతులో ఉంది, నాకు కనపడుతోంది. అలా అని కూర్చుంటే ఎవరూ తప్పు పట్టరు. ఆయన బలపాన్ని గట్టిగా నొక్కాడు. బలపం రెండు ముక్కలై కింద పడింది.

"కా... కాదండి."

హెడ్‌మాస్టరు నోరు తెరవబోయాడు. ఆఫీసరు చెయ్యి ఎత్తి ఆపాడు.

"మూడు కాదండి. మూడో... మూడో వంతండి." కిందపడిన బలపం ముక్క తీసుకున్నాడు. బోర్డు మీద పన్నెండు సున్నాలు చుట్టాడు. వంకరగా, ఒకటి పెద్దది ఒకటి చిన్నది. రెండు గీతలతో మూడు గుంపులు చేశాడు. "ఇది ఒక వంతు. ఇది ఒకటి. ఇది ఒకటి. ఒక్కో వంతుకు... నాలుగు." ఒక గుంపును అరచేత్తో చెరిపేశాడు. మిగిలిన వాటి మీద వేలు పెట్టి, "ఒకటి, రెండు, మూడు..." అని లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. పిల్లలు కూడా కలిశారు. చివరికి వచ్చాక పిల్లల వైపు తిరిగాడు. "ఎనిమిది అన్నారు. తర్వాత తొమ్మిది... ఎందుకన్నారు?" అని అడిగాడు.

పిల్లలు తల వంచుకున్నారు. ముందు బెంచీలో ఒక ఆడపిల్ల లేచి, "పెద్దసారు అన్నారని సార్," అంది.

ఆఫీసరు నవ్వాడు. "పాఠం చెప్పారండి. జాయిన్ చేసుకోండి," అని హెడ్‌మాస్టరుతో అని, మజ్జిగ ఉందా అని అడిగాడు.

ఆ మనిషికి నిజంగా మూడో వంతు తెలియదా, తెలిసే అలా అన్నాడా అన్నది నాకు ఈ రోజుకూ తెలియదు. తెలిసే అన్నాడంటే, తప్పు చెబితే ఈయన పలుకుతాడని ఎవరు చెప్పారు? నేను ఎవరితోనూ అనలేదు కదా. బాపట్లలో ఎవరైనా కనిపెట్టారా? వదినను అడిగితే, "నాకేం తెలుసే, అబద్ధాలు చెప్పేది నువ్వు కదా," అంది. అబద్ధాల సంగతి ఆమెకు ఎలా తెలిసిందో చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే బలపం జేబులో వేసుకుని బయలుదేరాడు. నేనూ చెప్పులు వేసుకుంటే చెయ్యి అడ్డం పెట్టాడు. ఒక్కడే వెళ్తానని. సరేనన్నాను. ఆయన వీధి మలుపు తిరిగాక వెనకే వెళ్లాను. కండక్టరుకు ఊరి పేరు చెప్పాలి కదా, అది వరసలో లేదు, పాటలో లేదు. రేపల్లె బస్టాండులో సోడాబండి వెనక నిలబడి చూశాను. ఆయన కాలు ఈడ్చుకుంటూ బస్సు ఎక్కాడు. కండక్టరు దగ్గరికి వచ్చి వంగాడు. మా ఆయన నోరు కదిలింది. ఏమన్నాడో వినపడేలోపు డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు. బస్సు వెళ్లిపోయింది.

సాయంత్రం దాకా ఇంట్లో ఒక పనీ చేయలేకపోయాను. కండక్టరు ఊరు దాటించేసి ఇంకెక్కడో దింపాడేమో అనుకున్నాను. ఎండ వాలాక చొక్కా నిండా సున్నం పొడితో వచ్చాడు. కాళ్లు కడుక్కుని మంచం మీద కూర్చున్నాడు. ఏం జరిగిందో అడిగాను. కాసేపు మాటలు కూడగట్టుకుని,

"పొద్దున... సోడాబండి వెనక... ఎందుకు నిలబడ్డావు?" అన్నాడు.

జబ్బు చేశాక ఆయన నోట నేను విన్న అన్నిటికంటే పొడుగైన మాట అది.

"నేనెందుకు నిలబడతానండీ? ఎవర్ని చూసి నేననుకున్నారో," అన్నాను.

ఆయన నా కళ్లలోకి చూశాడు.

"కాదు," అన్నాడు. "నువ్వే. ఆకుపచ్చ చీర."